నా ఊపిరి పేరు చెప్పి ఆగిన మేష్ట్రు

మా ఎదురింటి మేష్ట్రు పోయిన నెల ఒక సోమవారం తెల్లవారేసరికి లేరు. నేను స్నానం చేసి దీపం వెలిగిస్తుండగా ఆయన తమ్ముడు మా గేటు దగ్గరికి వచ్చి, నిద్రలోనే ప్రాణం పోయిందని చెప్పాడు. అంతకు ముందు రోజే మేమిద్దరం కోలారు దాకా సైకిళ్ళ మీద వెళ్ళి వచ్చాం. నా సైకిలు చక్రాలకు ఆ దారి దుమ్ము ఇంకా అలాగే ఉంది.

ఆయన ఇక్కడే బెంగళూరు కె.ఆర్.పురంలో ఒక బడిలో డ్రిల్లు మేష్ట్రుగా పనిచేసి రిటైరైనవారు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మేష్ట్రే. అరవై ఏడేళ్ళ వయసులో కూడా ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు, మెడలో విజిలు. విజిలు ఎందుకని అడిగితే, దారిలో కుక్కలను తోలడానికి అనేవారు. ఆ విజిలు విని కుక్కలు పారిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకో రెండు వచ్చేవి.

పదేళ్ళ కిందట మా ఆయన కామెర్లతో ఆస్పత్రిలో పడినప్పుడు, లేచి ఇంటికి వస్తే బెంగళూరు నుంచి తిరుమల దాకా నా కాళ్ళ కష్టంతో వస్తానని పసుపు గుడ్డలో ముడుపు కట్టాను. ఆయన లేచారు. నా మోకాళ్ళు కూర్చున్నాయి. అంత దూరం నడక వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. దేవుడి గూట్లో ఆ ముడుపు కనబడినప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపించేది.

ఆ సంగతి విని మేష్ట్రు ఒక సాయంత్రం మా మెట్ల మీద కూర్చుని అన్నారు. "దేవునికి నీ కాళ్ళ కష్టం కావాల, అంతే కదమ్మా? సైకిల్ తొక్కేదీ కాళ్ళే. నేను నీ వెనకాలే వస్తా, అలిపిరి దాకా."

గుడిలో అర్చకులు గారిని అడిగితే నవ్వి, తాను గరుడుడి మీద తిరిగే స్వామి నిన్ను సైకిలు ఎక్కొద్దంటాడా అన్నారు. పలమనేరు దగ్గర మా ఊరి నుంచి హైస్కూలుకు సైకిలు మీదే వెళ్ళేదాన్ని. పదో తరగతితో దిగినదాన్ని మళ్ళీ యాభైలో ఎక్కాను. చుడీదార్ వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని మొదటిరోజు గేటు దాటుతుంటే, పక్కింటావిడ పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడి, "ఏమమ్మా, పేపర్లు వేసే పనికి కుదిరితివా?" అంది. సిగ్గుతో వెనక్కి తిరగబోయాను. మేష్ట్రు విజిలు ఊదారు. ముందుకే వెళ్ళాను.

ఎనిమిది నెలలు నేర్పించారు, తిరుమల ప్రయాణం ఇంకా మిగిలే ఉంది. ముందు నా సీటు పైకి లేపించారు. "నొప్పి మోకాల్లో లేదు, సీట్లో ఉండాది" అన్నారు. వారం తిరిగేసరికి అది నిజమైంది. నేను పెడలును రోకలి దంచినట్టు తొక్కేదాన్ని. "తొక్కొద్దమ్మా, తిప్పు" అని వెనక నుంచి వినబడుతూనే ఉండేది. పెడలు ఒక చుట్టు తిరిగేలోపు ఒక గోవింద నామం పైకి చెప్పుకోమన్నారు. నామం తడబడితే గేరు తగ్గించుకోవాలి. అంత చక్కటి పద్ధతి ఇంకెవరు చెబుతారు? హొసకోట రోడ్డు మీద లారీల పక్కన నాకు భయం తెలియకపోవడానికి ఆ నామాలే కారణం. దాహం వేయకముందే తాగాలి, అలవకముందే ఆగాలి అని ప్రతి ఆదివారం చెప్పేవారు. బెల్లం వేసిన రాగి అంబలి సీసాలో పోసి తెచ్చుకునేవాళ్ళం.

ఆ ఆగడం గురించే నేను రాయాల్సింది.

ఎత్తు వచ్చిన ప్రతిచోటా ఆయన నన్ను ఆపేవారు. నంది కొండ మలుపుల్లో అయితే మరీను. నేను నామాలు చెప్పుకుంటూ మెల్లగా ఎక్కుతూ ఉంటే వెనక నుంచి విజిలు వచ్చేది.

"ఆగమ్మా. నీకు ఆయాసం వస్తా ఉండాది."

"బాగానే ఉండాను మేష్ట్రూ."

"నీకు తెలీదు. వెనకాల నుంచి నీ ఊపిరి నేను వింటా ఉండాను."

దిగి, గోడ మీద కూర్చుని, కింద ద్రాక్షతోటల వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడేవారు కాదు. నావల్ల ఆయన పొద్దు వృథా అవుతోందని నేను నొచ్చుకుని, సీసా మూత తీసి అందించేదాన్ని. ఇంటికి వచ్చి ప్రాణాయామం చేసేదాన్ని. నా ఊపిరికి బలం ఇవ్వమని శనివారాలు ఒక్కపొద్దు ఉన్నాను. నాకు ఆయాసం ఉందట అని మా ఆయనతో చెబితే, అయితే ఈ మొక్కు మానుకుందాం, స్వామి ఏమీ అనుకోడు అన్నారు. ఆ మాటకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

పైకి నామాలు చదివే మనిషికి ఆయాసం ఎక్కడ ఉంటుంది? ఇప్పుడు రాస్తుంటే ఎంత సులభంగా తెలుస్తోందో. అప్పుడు మేష్ట్రు చెప్పారు కాబట్టి నమ్మాను.

ఆయన భార్యను నేను అక్కా అని పిలుస్తాను. గడప దాటి ఎక్కువగా రాని మనిషి. మా రెండిళ్ళ మధ్య గిన్నెలూ మాటలూ మేష్ట్రు చేతుల మీదుగానే నడిచేవి. "నిన్ను ఒంటరిగా పంపొద్దని మీ అక్కే నన్ను తోలుతా ఉండాది" అని ఆయన చెప్పేవారు. నేను ఆ దయకు కరిగిపోయి, శనివారం శనివారం పులిహోర ప్రసాదం ఆయన చేతికే ఇచ్చి, అక్కకు నా నమస్కారం చెప్పండి అనేదాన్ని. ఎప్పుడైనా అక్క ఎదురుపడితే ముఖం తిప్పుకునేది. అది ఆమె స్వభావం అనుకున్నాను.

ఆ సోమవారం మేష్ట్రును హాల్లో పడుకోబెట్టి ఉండగా, వీధి ఆడవాళ్ళందరి ముందు అక్క నన్ను చూసి లేచి నిలబడింది. అరవలేదు. మామూలు గొంతుతోనే అంది.

"నీ మొక్కు కోసరం నా మొగుణ్ణి తినేస్తివి కదమ్మా. డాక్టరు సైకిల్ ముట్టద్దన్యాడు, ఆయన్ని వదిలెయ్ అని ఎన్ని తూర్లు చెప్పి పంపిస్తిని నీకు?"

నాకు ఒక్కసారి కూడా ఆ మాట అందలేదు. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. చెబితే, అబద్ధం ఆడిన మనిషి మా ఇద్దరి మధ్యా కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నారు.

మిగిలినది పదకొండో రోజు ఆయన తమ్ముడి ద్వారా తెలిసింది. ఏడాది కిందటే గుండె బలహీనంగా ఉందని, మెట్లు కూడా చూసి ఎక్కాలని డాక్టరు చెప్పారట. ఇంట్లో వద్దన్నప్పుడల్లా మేష్ట్రు, ఎదురింటామె దేవుడి మొక్కు, కాదంటే మనకు పాపం, నేను పోకపోతే ఒంటరిగానైనా పోతానని పట్టుబట్టింది అనేవారట. నేనెప్పుడూ పట్టుబట్టలేదు. పట్టుబట్టడం నాకు రాదు.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. కానీ ఆయన మీద కోపం లేదని రాస్తే అది అబద్ధమవుతుంది. ఆయనకు ఇంట్లో కూర్చోవడం చేతకాదు, ఆ సంగతి తెలుసు. నాకు సైకిలు నేర్పడం ఆయనకు మళ్ళీ బడిలో అడుగుపెట్టినట్టు ఉండేది, అదీ తెలుసు. తెలిసినా నొప్పి తగ్గలేదు. తన ఆయాసాన్ని నాది అన్నారు. తన మొండితనాన్ని నా భక్తి అన్నారు. ఒక్కమాట చెప్పి ఉంటే ఆయన్ని కారులో వెనకాల రమ్మనేదాన్ని. కిటికీలోంచి విజిలు ఊదుకునేవారు.

పదమూడో రోజు దాటాక ఒక ఆదివారం ఒక్కదాన్నే బయల్దేరాను. హొసకోట దాటి నరసాపురం దాకా ఎత్తు వచ్చినా, పల్లం వచ్చినా ఎక్కడా దిగలేదు. నామాలు ఒక్కటీ తడబడలేదు. ఒక టీ అంగడి ముందు ఆపి, గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. నా ఊపిరి మంచిదే. ఎప్పుడూ మంచిదే. సంతోషించాల్సింది పోయి, అక్కడ బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. టీ ఇచ్చినతను ఏం బేజారమ్మా అని అడిగాడు. మా మేష్ట్రు పోయారని మాత్రం చెప్పాను.

మా తెలుగు సంఘం పత్రికవాళ్ళు ఆయన గురించి రాయమన్నప్పుడు ఇంత వివరంగా రాయడానికి ఒక ధైర్యం ఉంది. ఇక్కడి పాత తెలుగువాళ్ళు చాలామంది లాగే అక్క ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది కానీ చదివింది కన్నడం. పత్రిక ఆమె ఇంటికి వచ్చినా ఇది ఆమెకు అందదు అనుకున్నాను. నింద నా మీదే ఉండనీ, ఆమెకు మొగుడి మీద నమ్మకమైనా మిగులుతుంది అనుకున్నాను.

ఇక్కడిదాకా రాసి కాగితాలు బల్ల మీద పెట్టాను. నిన్న మధ్యాహ్నం అక్క మా ఇంటికి వచ్చింది. ఇన్నేళ్ళలో మా మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. నేను మంచినీళ్ళు తెచ్చేలోపు మొదటి కాగితం చేతిలో పట్టుకుని ఉంది. కన్నడ అక్షరాలూ మన అక్షరాలూ అక్కచెల్లెళ్ళ లాంటివని నాకు తోచనే లేదు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటోంది.

"డాక్టరు అని ఉండాది ఇక్కడ" అంది. "చదువు. అంతా చదువు."

మెల్లగా చదివాను. కొన్నిచోట్ల దాటేద్దామని చూశాను. ఆమె నా పక్కనే కూర్చుని వరుసల వెంట చూస్తోంది. దాటితే, ఇంకా ఉండాది కదా కింద అనేది. చివరిదాకా చదివించుకుంది.

"నేను పంపించిన మాట ఒక్కటీ నీకు చేరలేదా?"

"లేదక్కా."

"నీ పులిహోర మాత్రం చేరింది." ఆమె చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీకొకటి చెప్పి, నాకొకటి చెప్పి, మన నడమ సైకిల్ తొక్కుకుంటా పోయినాడు."

నీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ పొద్దు నిన్ను నేను అన్న మాట ఏ వరుసలో రాసినావో చూపించమంది. కాగితం వెతికి చూపించాను. ఆ వరుస మీద బొటనవేలు పెట్టింది.

"కొట్టేసేదా అక్కా?" అని అడిగాను.

నేను కలం తెరిచి పట్టుకుని ఉన్నాను. నీళ్ళ గ్లాసు పట్టుకున్న తడి ఇంకా ఆమె వేలికి ఉంది. దాని కింద సిరా మెల్లగా పాకుతోంది. ఆమె వేలు తీయలేదు.