సముద్రం కాలు, ఊరి కాలు

ఆ రోజుల్లో నేనొక విషయం గట్టిగా నమ్మేదాన్ని. ఎగరడమనేది ఎవరో ఒకరు నేర్పితేనే పిల్లలకు వస్తుందనీ, ఆ నేర్పే మహానుభావురాలిని నేనేననీ. ఇరవై రెండేళ్ల వయసు, మెడలో విజిలు, చేతిలో పది రోజుల శిక్షణలో ఇచ్చిన పుస్తకం (అందులో గెంతడం గురించే పధ్నాలుగు పేజీలు). వీటితో మా ఊరు సంగం నుంచి బయలుదేరి, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెం ప్రాథమిక పాఠశాలలో ఆటల టీచరుగా చేరాను. మాది వరి పండించే ఇల్లు. అంతకుముందు సముద్రాన్ని రెండుసార్లు చూశాను, రెండుసార్లూ చెప్పులు పోగొట్టుకున్నాను. ఉద్యోగం ఒక్క ఏడాదికే. "ఏడాది చివర మండల కేంద్రంలో పిల్లోళ్ల ఆటల ప్రదర్శన ఉంటదిమ్మా. మనోళ్లు బాగా చేస్తే ఆఫీసరు గారు నిన్ను ఇంకో ఏడాది ఉంచుతారు. లేకపోతే నా చేతిలో ఏం లేదు," అని పెద్దసారు మొదటిరోజే చెప్పేశారు. ఉద్యోగం పోతే ఇంటికి పోవాలి. ఇంటికి పోతే, "అంతదూరం పొయ్యి గెంతులు నేర్పించేదేంది?" అన్న మా నాన్న మాట నెగ్గుతుంది. ఉద్యోగం పోవడం కంటే అది నాకు పెద్ద కష్టం.

పాఠం చిన్నదే. కుడికాలు ముందుకు, ఒక గెంతు, మోకాళ్లు వంచి రెండు కాళ్ల మీద దిగడం, వెనక్కి తిరగడం, మళ్లీ కుడికాలు ముందుకు. పన్నెండు మంది పిల్లలను ఉత్తరం వైపు ముఖం పెట్టి నిలబెట్టి, "కుడికాలు!" అని విజిల్ ఊదాను. కొందరు కుడి, కొందరు ఎడమ, ఒకడు రెండూ ముందుకు పెట్టి కూలబడ్డాడు. అప్పుడు మూడో తరగతి పిల్ల (ఎప్పుడూ ఎగురుతూనే ఉంటుందని అందరూ రొయ్యపిల్ల అనేవాళ్లు) నా మీద జాలిపడింది. "సముద్రం కాలా, ఊరి కాలా? సరిగ్గా చెప్పక్కా," అంది. తూర్పున సముద్రం, పడమట ఊరు. సముద్రం వైపు ఉన్నది సముద్రం కాలు, ఊరి వైపు ఉన్నది ఊరి కాలు. ఇంతే కదా అని మురిసిపోయి, "అయితే సముద్రం కాలే కుడికాలు, గుర్తు పెట్టుకో," అన్నాను. తర్వాత వెనక్కి తిప్పి "కుడికాలు!" అంటే అందరూ ఠక్కున ఎడమకాలు పెట్టారు. "అదేంది, ఇందాక ఆ కాలు గదా?" అని అరిచాను. రొయ్యపిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని, "మనం తిరిగినాం గానీ సముద్రం తిరగలేదు గదక్కా!" అంది.

రెండు వారాలు పోరాడాను. కుడికాళ్లకు సుద్దతో గుర్తులు పెట్టాను, ఇసుకలో చెరిగిపోయాయి. వలదారం ముక్కలు కట్టాను, అవి ముళ్లు విప్పే పందెంగా మారాయి. ఒకరోజు విసిగిపోయి సముద్రానికి ఎదురుగా నిలబెడితే, "ఇప్పుడు రెండూ సముద్రం కాళ్లే," అన్నారు. చివరికి పుస్తకం మూసేసి, "సముద్రం కాలు ముందుకు!" అన్నాను. అంతే. పన్నెండు పాదాలు ఒక్కసారిగా ఇసుకలో దిగాయి. గాలిలో ఉండగానే తిరిగి, దిగేటప్పటికి కాలు మార్చుకునేవాళ్లు. ఒక్కరు కూడా తడబడలేదు. ఆ పధ్నాలుగు పేజీల్లో అలాంటి గెంతు లేదు.

ప్రదర్శన రోజు వ్యాన్‌లో మండల కేంద్రానికి వెళ్లాం. చుట్టూ గోడలున్న మైదానం, ఆకాశం నిండా మబ్బు. మధ్యాహ్నం మూడింటికి మా వంతు వచ్చింది. పిల్లలను వేదికకు ఎదురుగా నిలబెట్టాక గానీ నాకు తట్టలేదు: ఇక్కడ సముద్రమేదీ? సూర్యుడు కూడా లేడు. ఏ వైపు తూర్పో నాకే తెలియదు. చేసేదేమీ లేక కళ్లు మూసుకుని, "సముద్రం కాలు!" అన్నాను. తెరిచి చూస్తే పన్నెండు కాళ్లు ముందుకు వచ్చి ఉన్నాయి. పన్నెండూ ఎడమవే.

కుర్చీలో ఉన్న ఆఫీసరు గారు చేయెత్తి ఆపారు. "ఏమ్మా, కుడికాలు గదా ముందు పెట్టాల్సింది?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే రొయ్యపిల్ల, "అది ఊరి కాలు సార్!" అంది. పెద్దసారు తల దించుకున్నారు. ఆఫీసరు గారు సంగతంతా అడిగి తెలుసుకుని, ఫోను తీసి అందులో దిక్సూచి చూశారు. చాలాసేపు చూశారు. వేదిక దక్షిణాన ఉంది, పిల్లల ఎడమచేతి వైపే తూర్పు. "ఎట్లా తెలిసిందిరా మీకు?" అన్నారాయన మెల్లగా. "గాలి అట్నుంచే గదా వస్తా ఉంది సార్," అన్నారు పిల్లలు, ఇది కూడా అడగాలా అన్నట్టు. ఆ గాలి నా చెంపకూ తగులుతూనే ఉంది. నాకు తగిలింది గాలి, వాళ్లకు తగిలింది సముద్రం. నిజం చెప్పొద్దూ, నాకు కళ్లు చెమర్చాయి. ఈ పిల్లలకా నేను అడుగులు నేర్పింది అనిపించింది.

పిల్లలు చివరిదాకా చేశారు, మైదానమంతా చప్పట్లు కొట్టింది. చివర్లో ఆఫీసరు గారు మా వరసను గాలికి ఎదురుగా తిరగమని చెప్పి, నన్ను కూడా ముందు నిలబెట్టి, "ఇప్పుడు నీకు సముద్రం కాలు ఏదమ్మా?" అన్నారు. నేను కాసేపు ఆలోచించి, పుస్తకంలో చెప్పినట్టు వీపు నిటారుగా పెట్టి, ఠీవిగా కుడికాలు ముందుకు పెట్టాను. వెనక పన్నెండు గొంతులు ఒక్కసారిగా, "అక్కా, రెండూ!" అని అరిచాయి. ఆఫీసరు గారు నవ్వాపుకుంటూ, "ఇంకో ఏడాది అక్కడే ఉండమ్మా. వాళ్లకు వచ్చేసింది, నీకే ఇంకా రాలేదు," అన్నారు.

ఇప్పుడు కావలిలో ఒక పెద్ద బడిలో కుడి, ఎడమ నేర్పుతున్నాను. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, మైదానంలో కళ్లు మూసుకుని గిర్రున తిరిగి ఆగుతాను. గాలి కోసం చెంప అటూ ఇటూ తిప్పి ఒక కాలు ముందుకు పెడతాను. తర్వాత ఫోను తీసి చూసుకుంటాను. ఉన్నవి రెండే కాళ్లు కాబట్టి అప్పుడప్పుడూ సరిపోతుంది. సరిపోయిన రోజున మాత్రం, నలభై దగ్గర పడుతున్న ఈ మనిషి ఇంటిదాకా గెంతుకుంటూ పోకుండా ఉండటానికి చాలా కష్టపడుతుంది.