అత్త, పనసపండు, అడ్డదారి

మొన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. సోంపేట దగ్గర జీడితోటలో ఒక ఎలుగుబంటి, సొంత పొలం చూసుకోవడానికొచ్చిన రైతులా తీరిగ్గా నడిచిపోతోంది. కింద అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నేను మాత్రం ఫోను బోర్లించి, వీధి తలుపు గడియ వేసి వచ్చాను. నేనుండేది కాశీబుగ్గలో, మూడో అంతస్తులో. భయానికి అంతస్తులు తెలియవు.

ఈ భయం పట్టుకున్నప్పుడు నాకు ఇరవై ఏళ్లుంటాయేమో. మా మేనత్త కూతుర్ని కాశీబుగ్గలోనే ఇచ్చారు. తన పెరటి పనసపండంత తియ్యనిది మా ఉద్దానం ప్రాంతం మొత్తంలో లేదని అత్త వియ్యపురాలి దగ్గర గొప్పలు పోయింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి బాగా మాగిన పండొకటి నెత్తికెత్తుకుని, నన్ను తోడు తీసుకుని బయలుదేరింది. రోడ్డు వెంట వెళితే ఆఖరి బస్సు అందదు, జీడితోటలోంచి అడ్డంగా వెళితే అందుతుంది. పొద్దు వాలితే ఆ తోటలోకి ఎలుగులొస్తాయని ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. పనస వాసన వాటికి పెళ్లిభోజనానికి పిలుపులాంటిదనీ తెలుసు. అన్నీ తెలిసే అడుగుపెట్టాం. మనం నిర్ణయాలు తీసుకుంటామంటారు గానీ, చాలాసార్లు అవే మనల్ని తీసుకుపోతాయి.

"ముందు నువ్వు నడు. మగోడివి," అంది అత్త.

"ఎనకనించొత్తేనో?"

"ఎనక నానున్నాను గదేటి!"

ఎండిన జీడాకు కాళ్లకింద అప్పడంలా విరుగుతోంది. కాసేపటికి మేం ఆగినా ఆ చప్పుడు ఆగలేదు. పక్క గుబురులోంచి ముక్కుతో గట్టిగా గాలి పీల్చిన శబ్దం. ఆ వెనకే, నల్లటి జూలుతో అది బయటికొచ్చింది. ఎలుగుని చూసినవాడు ఎలుగెత్తలేడని అప్పుడే తెలిసింది.

"అత్తా... పండు పడీసీ," అన్నాను, ఉన్న కాస్త గొంతుతో.

"పడీడానికి నీ బాబు పండించినాడేట్రా? ఇయ్యపురాలికి కబురెట్టీసినాను!" ఆవిడ చేతులు పండుని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

అప్పుడు నేను నా తెలివి చూపించాను. చెట్టెక్కాను. ఎలుగు నాకన్నా బాగా ఎక్కుతుందన్నది ఎక్కాక గుర్తొచ్చింది. పైగా అది జీడిచెట్టు, దాని కొమ్మలెప్పుడూ నేలవైపే చూస్తుంటాయి. నా బరువుకి కొమ్మ కిర్రుమని వంగింది. ఆ చప్పుడుకి అది అత్తని వదిలి నావైపు తిరిగి, రెండు కాళ్లమీద లేచి, మానుకి గోళ్లు ఆనించింది. వేలాడుతున్న కాలు పైకి లాక్కుందామంటే కాలు నా మాట వినలేదు. దాని ఊపిరి వేడి నా పాదానికి తగిలింది.

"ఓలమ్మా, నా బిడ్డ!" అని అత్త అరిచిన అరుపూ, పండు నేలకి కొట్టుకుని పగిలిన చప్పుడూ ఒక్కసారే విన్నాను. తన ప్రాణానికి వదలని పండుని, రెండు చేతులా ఎత్తి దాని ముందుకి విసిరేసింది. ఎలుగు తల తిప్పింది. వాసన చూసింది. మాను వదిలి, పసుపుపచ్చటి తొనల్లో మూతి పెట్టింది. నేను ఎలా దిగానో తెలియదు. అత్త నా మణికట్టు పట్టుకుని రోడ్డుదాకా ఈడ్చుకొచ్చింది.

బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. అత్త మైలురాయి మీద కూలబడి, నా కాలు ఒళ్లోకి లాక్కుని, వేళ్లన్నీ తడిమి చూసింది. అప్పుడు ఏడ్చింది.

"ఇయ్యపురాలికి ఏటి సెప్తావత్తా?"

"దార్లో నువ్వు తినీసినావని సెప్తాను," కళ్లు తుడుచుకుంది. "ఎలుగంటే నమ్మదు. నువ్వంటే నమ్మీత్తాది."

ఇప్పుడు నా వయసు ఆనాటి అత్త వయసుని దాటిపోయింది. ఇన్నేళ్ల కాలం నాకు చాలావాటిని గట్టిగా పట్టుకోవడం నేర్పింది, ఏది ఏ క్షణాన విసిరెయ్యాలో మాత్రం ఇంకా చెప్పలేదు.