ఎనిమిది మడతల మందారం

తెపాయేరుకు కడుపుమంట అంటే ఏమిటో అరవై దాటేదాకా తెలియదు. ఎలా తెలుస్తుంది? పసిఫిక్ సముద్రంలోని ఐటుటాకి దీవిలో ఎవరింట తివైవై దుప్పటి కుట్టాలన్నా ఆడవాళ్ళు ముందు ఆమె గుమ్మమే తొక్కేవారు. ఆమె బట్టను ఎనిమిది మడతలు పెట్టి, పెన్సిలుతో నాలుగు గీతలు గీసి, కత్తెర ఆడించేది. మడత విప్పితే మంచమంత పువ్వు! దాన్ని ఇంకో రంగు బట్ట మీద పరిచి కుట్టడానికి ఊళ్ళో అందరూ ఉన్నారు. కత్తిరించే చెయ్యి మాత్రం ఆమెదొక్కటే. పొగిడితే పొంగిపోయేది కూడా. అందులో దాచడానికేముంది?

అలాంటిది, సొంత తమ్ముడి మనవడికి మొదటిసారి జుట్టు కత్తిరించే పండుగ వస్తే, వాణ్ణి కూర్చోబెట్టే తివైవై కోసం ఆమెను ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. మరదలు అకాయితి బడి ఆఫీసులో పని చేస్తుంది. అక్కడి కంప్యూటర్లో మందారాన్ని తానే గీసింది. పువ్వులో ఎనిమిదో వంతే మనిషంత పొడుగు, బడి ప్రింటరుకేమో పలకంత కాగితం తప్ప పట్టదు. అందుకని ఆ ఎనిమిదో వంతు బొమ్మను ముక్కలుగా విడగొట్టి ఇరవై పైచిలుకు కాగితాల మీద అచ్చు వేసింది. ప్రతి కాగితం మూలనా ఒక అంకె, అంచున సన్నగీత. గీతకు గీత కలిపి అతికిస్తే బొమ్మ పూర్తవుతుంది.

ఈ సంగతి విన్నాక తెపాయేరుకు ముద్ద దిగలేదు. పండుగ ఇంకో వారం ఉందనగా, 'ఊరికే చూసిపోదాం' అనుకుంటూ చర్చి హాలుకు వెళ్ళింది. ఊరికే చూడ్డమా! ఎక్కడ తప్పు దొరుకుతుందా అని చూడ్డం.

ఆడవాళ్ళంతా నేల మీద మోకాళ్ళేసుకుని కాగితాలు అతికిస్తున్నారు. పెద్దావిడ తువాయినె తలెత్తి, "రావే తెపాయేరూ! ఎంత సులువో చూడు. ఇక నీ నడుముకు సుఖం" అంది.

"నా నడుముకేం, రాయిలా ఉంది" అని విసిరికొట్టింది తెపాయేరు.

ఇంతలో సముద్రం వైపు నుంచి గాలి దూసుకొచ్చింది. కాగితాలు లేచిపోతుంటే అందరూ కేకలు పెడుతూ, చెప్పులూ కొబ్బరికాయలూ ఏది దొరికితే అది వాటి మీద పెట్టారు. ఒక కాగితం జారుకుంటూ వచ్చి తెపాయేరు పాదాల దగ్గర ఆగింది. తెపాయేరు దాని మీద కాలు వేసింది. ఎవరూ చూడ్డం లేదని నమ్మకం కుదిరాక మడిచి గౌను లోపలికి తోసేసింది. చిన్నపిల్ల చేసే పని! అయినా ఆ క్షణంలో ఆమెకు ప్రాణం హాయిగా ఉంది.

అతికించడం అయ్యేసరికి నడిమధ్య కిటికీలా ఖాళీ. అకాయితి బల్లల కిందా, చాపల కిందా వెతికింది. చివరికి ఏడుపు గొంతుతో, "ప్రింటర్లో సిరా నిన్ననే అయిపోయింది. ఓడ వస్తేగానీ దొరకదు. వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ కాస్త మేరా నువ్వు గీసిపెట్టు" అంది.

దొంగకు తేలు కుట్టినట్టయింది తెపాయేరుకు. 'నా వల్ల కాదు' అంటే చాలు, మందారం అక్కడితో సరి. కానీ ఆ మాట ఆమె నోట ఎన్నడైనా వచ్చిందా? పెన్సిలు అందుకుంది. కదిలినప్పుడల్లా గౌనులో కాగితం గరగరమంటూనే ఉంది. దాన్ని తీసి చూడలేదు, చూడాల్సిన అవసరమూ లేదు. నాలుగు వైపుల నుంచీ వచ్చిన గీతలను లోపలికి లాగి, రేకు మీద రేకు కలిపేసింది.

"ఇందులో వదిన గీసింది ఏదర్రా?" అంటూ అకాయితి మెరిసే కళ్ళతో వంగి చూసింది. ఇందాకటి కిటికీ ఎక్కడుందో ఒక్కరూ పోల్చలేకపోయారు.

"అచ్చం మిషను గీసినట్టే ఉందే!" అని తువాయినె చప్పట్లు కొట్టింది.

తెపాయేరుకు చెంప మీద కొట్టినట్టయింది. వంకరగా ఉందని తిట్టినా బాగుండేది. నలభై ఏళ్ళు బట్టలు కోసిన చెయ్యి, ఇప్పుడు మిషనుతో సమానమని మెచ్చుకుంటున్నారు!

అతికించిన కాగితాన్ని మడతల బట్ట మీద పరిచి గుండుసూదులు గుచ్చారు. "కోత మాత్రం నీదే వదినా" అని అకాయితి కత్తెర చేతికిచ్చింది. తెపాయేరు గీత మీదే బుద్ధిగా కోసుకుంటూ వచ్చింది. తాను గీసిన చోటికి రాగానే కత్తెర గీత వదిలి పక్కకు తిరిగింది.

"అయ్యో, గీత దాటావు వదినా!"

"నేను గీసిన గీతే కదటే. దాటితే నా ఇష్టం" అంది తెపాయేరు, కత్తెర ఆపకుండానే.

ఒక్క కోత ఎనిమిది మడతల్లోనూ పడుతుంది. బట్ట విప్పితే ఎనిమిది రేకులూ రెండేసి జతగా ఒకదాని వైపు ఒకటి వొంగి, గాలికి ఊగుతున్నట్టు కనిపించాయి. తెపాయేరు ఓరగా మరదలి ముఖం చూసింది. ఏడుస్తుందనుకుంది. కనీసం తిడుతుందనుకుంది.

అకాయితి ఫోన్ తీసింది. "ఎంత బాగుంది వదినా! ఉండు, ఫొటో తీస్తా. ఈ వొంపు కంప్యూటర్లోకి ఎక్కిస్తే, ఈసారి నిన్ను ఇంతదూరం రప్పించే పనే ఉండదు."

ఆ మాటలో విషం ఇసుమంత లేదు. అదే తెపాయేరు గుండెను కోసేసింది. గబగబా వెళ్ళి పువ్వు నట్టనడుమ కాళ్ళు చాపుకుని కూలబడింది.

"లే వదినా, ఫొటోకి అడ్డం."

"తియ్యి. నాతో కలిపే తియ్యి" అంది తెపాయేరు.