ఉదయగిరి చెంచాల వీధి

పోయిన నెల ఒక పెళ్లికని ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోతుంటే, ఊరు ఇంకా రాకముందే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి బస్సు కిటికీలోంచి కనిపించింది. తలుపుకి తాళం, గోడమీద వెలిసిపోయిన అక్షరాలు, ముందర ఎవరివో లారీ టైర్లు. పక్కన మా ఆవిడ ఏదో అడుగుతూనే ఉంది గానీ నాకు వినబడలేదు. ఆ షెడ్డు కట్టించడానికి కాళ్లరిగేలా తిరిగినవాణ్ణి నేనే.

పరిశ్రమల శాఖ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా ఆఫీసువాళ్లు నన్ను ఉదయగిరి పంపించారు. దుర్గం కొండ కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే కుటుంబాలన్నీ అక్కడ ఒకే వీధిలో ఉండేవి. ఒకే పని చేసేవాళ్లను ఒకచోట చేర్చి యంత్రాలూ కర్రా అమ్మకమూ ఉమ్మడిగా చూస్తే ఆ మెట్ట ప్రాంతమంతా బాగుపడుతుందని, దాన్నే క్లస్టర్ అంటారని మాకు శిక్షణలో చెప్పారు. పాతికేళ్లయినా నిండని వయసు, మనసారా నమ్మాను. ఇప్పటికీ ఆ ఆలోచనలో తప్పుందని అనుకోను.

ఆ వీధిలో అందరికీ పని నేర్పిన ముసలమ్మ ఒకామె ఉండేది. అందరిలాగే నేనూ అవ్వా అని పిలిచేవాణ్ణి. పొయ్యిమీద ఎసరు పెట్టి అరుగుమీదికొచ్చి, పాదాల మధ్య కర్రముక్క బిగించి, అన్నం ఉడికేలోపల ఒక చెంచాకు రూపం తెచ్చేది. పక్కనే కోడలు ఆకురాయితో దాన్ని నునుపు చేసేది. ఉలి మొండిబారితే ఎవరైనా పక్కింటిది అడగకుండానే తెచ్చుకునేవాళ్లు. షెడ్డుకు స్థలం మాత్రం ఊరికి రెండు మైళ్ల అవతల దొరికింది. అక్కడికి రమ్మని అడగబోతే అవ్వ చేతిలో పని ఆపకుండానే అన్నది:

"మేమంతా ఇప్పుడు కలిసే ఉండాము గదా నాయనా. బిడ్డల్నీ పొయ్యినీ ఇడిసిపెట్టి అంత దూరం ఎట్టొచ్చేది? ఆ మిషన్లేందో ఈ వీధిలోనే పెట్టించు."

ఆ మాట ఉన్నదున్నట్టు పైకి రాసి ఉండాల్సింది. స్థలం మారిస్తే మంజూరు ఇంకో ఏడాది వెనక్కి పోతుందని, నాకు చెడ్డపేరు వస్తుందని భయపడ్డాను. ఆడవాళ్లకు క్లస్టర్ సంఘంలో చేరే ఆసక్తి లేదని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. దాంతో సభ్యత్వం షెడ్డుకొచ్చే మగవాళ్లకే దక్కింది, కొండమీద కర్ర కొట్టుకునే అనుమతీ సభ్యులకే ఇచ్చారు. అరుగులమీదికి కర్ర రావడం ఆగిపోయింది. యంత్రం మొరటుగా కోసిపెట్టేది గానీ, దాన్ని నునుపు చేసి నగిషీ దిద్దే చేతులు వీధిలోనే ఉండిపోయాయి. ఆ సరుక్కి గిరాకీ లేక షెడ్డు రెండేళ్లకే మూతపడింది.

ఆ రోజుల్లో ఒకసారి వీధిలోకి వెళితే, అవ్వ తన పాత మంచం కోడు కోసి దాంతో చెంచా చెక్కుతోంది.

"చేతులు ఊరికే ఉండలేకుండా ఉండాయి నాయనా," అన్నది.

ఆ వారమే బదిలీకి అర్జీ పెట్టుకున్నాను.

కొన్నేళ్లకు అవ్వ పోయిందని తెలిసి పలకరించడానికి వెళ్లాను. అప్పటికి కోడలు నాట్ల రోజుల్లో చేజర్ల దాకా కూలికి పోతోందట. చెంబుతో నీళ్లు ఇచ్చి, నన్నే ఓదారుస్తున్నట్టు, "మీరేం చేస్తారు సార్, పైవాళ్లు రాయమన్నట్టు రాసినారు," అన్నది. ఎవరూ రాయమనలేదు. అది నా సొంత వాక్యం. ఆ సంగతి చెప్పకుండానే నీళ్లు తాగి వచ్చేశాను.

పోయిన నెల ఆ పెళ్లి భోజనం కాగానే వీధికి నడిచాను. పొద్దున్నే ఒకరు నెల్లూరు దుకాణానికి, ఒకరు మర్రిపాడు లారీల మీదికి, ఎవరి దారి వాళ్లదిగా పోతున్నారట. అరుగులు కొట్టేసి మెట్లు కట్టుకున్నారు. అవ్వ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు అద్దెకుంటున్నారు, కోడలు ఏ ఊరు వెళ్లిందో వీధిలో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లకు నిజం చెప్పేద్దామని గుండె చిక్కబట్టుకుని పోయిన నన్ను, ఎవరు కావాలి సార్ అని అడిగారు. ఎవరూ అక్కర్లేదని చెప్పి తిరిగి వచ్చాను.