చెదల కుండ

గడపకు పట్టిన చెదలు దులుపుతుంటే, ఆ మట్టి వాసనకు శృంగవరపుకోట పక్కన అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. అమ్మ చనిపోయిన ఏడాది, కొత్త రైలు లైను పనికి వెళ్తూ నాన్న నన్నక్కడ వదిలాడు.

చోడిచేలో, అంటే రాగిచేలో, తల్లి లేకుండా నాకు దొరికిన పూరేడు పిట్ట పిల్లలు గుడ్లలోంచి అప్పుడే వచ్చాయి. అంబలి పెడితే ముట్టలేదు. వాటికీ అమ్మ మీద బెంగే అనుకుని నేనూ అన్నం మానేశాను.

"ఒసే, అంబలేటే? పసికూనలకి సెదలెట్టాల," అంది అమ్మమ్మ. పేడా గడ్డీ కుక్కిన కుండను చేలో బోర్లించి, తెల్లారాక అందులో చేరిన చెదల్ని పిల్లల ముందు దులిపింది. అవి కదల్లేదు. అమ్మమ్మ గోటితో నేల మీద టకటకా కొట్టింది.

"తల్లయితే ముక్కుతో పొడిసి సూపిస్తాది. లేపోతే అది తిండని వాటికేటి తెలుస్తాది?"

పిల్లలు పరుగున వచ్చాయి.

మధ్యాహ్నం నా కంచం అంచు మీద అదే గోరు టకటకలాడింది. నేను తిన్నాను.

కూతుర్ని పోగొట్టుకున్న అమ్మమ్మ కంచం మీద అలా కొట్టడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.