పట్టుచీరలో బుడ్డల బేరం

ఆడమనిషి పెత్తనం చెయ్యాలంటే ఆ రోజుల్లో తెలివి తర్వాతి సంగతి, ముందు ఒడ్డూ పొడుగూ ఉండాలి. నాకు రెండూ లేవు. (ఒడ్డు ఇప్పుడు కావలసినంత వచ్చిందనుకోండి.) కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, నందికొట్కూరులో మా వేరుశెనగ మిల్లు నడిపే నాన్న పక్షవాతంతో మంచాన పడ్డారు. మగపిల్లలు లేరు. పెళ్లికాని నేనే వెళ్లి మిల్లులో కూర్చున్నాను. బుడ్డలు కొనడానికి (వేరుశెనగను మా వైపు అలాగే అంటాం) వచ్చిన ప్రతి షావుకారూ నన్ను దాటి లోపలికి తొంగిచూసి, "పెద్దోళ్లు యాడుండారు పాపా?" అనేవాడు. నేనే అంటే నవ్వి వెళ్లిపోయేవాడు. ఈ పంట అమ్ముడుపోకపోతే మిల్లు పరాయివాళ్లకు బాడుగకిచ్చేస్తానని చిన్నాన్న తేల్చి చెప్పేశాడు.

లోపమంతా నా వాలకంలో ఉందని మేనత్త కనిపెట్టింది. "ఆ నూలుచీరలో కూలికొచ్చిన పిల్ల మాదిరి ఉండావు. ఎవురు లెక్కజేస్తారే నిన్ను" అంటూ అమ్మ పట్టుచీర చుట్టబెట్టి, కాసులపేరు వేసి, తలనిండా కనకాంబరాలు తురిమి మిల్లుకు పంపింది. పెద్దోళ్లెవరైనా వస్తారేమోనని నలుగురైదుగురు షావుకార్లు బయట బస్తాలమీద కూర్చుని ఉన్నారు. ఎర్రగుంట్ల నుంచి వచ్చిన షావుకారు గుమ్మంలోనే ఆగిపోయాడు. నన్ను ఎగాదిగా చూసి, విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుంటూ, "పెళ్లిచూపులు పెట్టుకున్నట్టుండారు. శుభమా అని కానీండి, ఇంకోనాడొస్తా" అన్నాడు.

ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి నాకు. మా వైపు బేరం నోటితో చెప్పుకునేది కాదు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా ఇద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చుకుంటారు. నేను బల్లమీది తువ్వాలు చేతిమీద కప్పుకుని ముందుకు చాచాను.

"పెళ్లిచూపులు కాదప్పా, బుడ్డల బేరమే. చెయ్యి పెట్టు."

పట్టుచీర కట్టి పూలు పెట్టుకున్న కన్నెపిల్ల చెయ్యి నలుగురి ముందూ పట్టుకుంటే, మా ఊళ్లో దాన్ని బేరం అనరు. ఆయన రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు. నోటితోనే చెప్తాలేమ్మా అంటూ మనసులో ఉన్న ధర పైకి అనేశాడు. బయట బస్తాలమీద కూర్చున్న షావుకార్లు అది విన్నారు. ఇంకేముంది, ఒకరిమీద ఒకరు పెంచుకుంటూ పోయారు. సాయంత్రానికి సరుకంతా బండ్లెక్కింది. చిన్నాన్న మళ్లీ బాడుగ మాట ఎత్తలేదు. ఘనతంతా కాసులపేరుదేనని అత్త బతికున్నంత కాలం అంటూనే ఉంది.

ఇప్పుడు జుట్టు ముగ్గుబుట్టయింది, కళ్లద్దాలొచ్చాయి. నేను తప్పు చెప్పినా మిల్లులో అందరూ భక్తిగా తలూపుతారు. అప్పటి నేను, ఆ బక్కపిల్ల, ఇప్పటి నాకంటే చురుకైనది, లెక్క తప్పేది కాదు. పాపం, ఈ తలూపుళ్లలో నాలుగు దానికి దక్కి ఉంటే ఎంత మురిసిపోయేదో అనుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ నవ్వుకుంటాను.