జాకెట్ లోపలి ఎర్ర ముడి

దయ్యాలంటే నాకు నవ్వొస్తది. దిల్‌సుఖ్‌నగర్‌ల మనుషులు నిలబడనీకే జాగ లేదు, ఇంక దయ్యాలెక్కడ నిలబడతయ్? ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాస్తున్న.

నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు తెలుగు సారు "మా అమ్మానాన్న" అని రెండు పేజీల వ్యాసం రాయమన్నడు. నాకు ఎనిమిది నెలలప్పుడే విజయవాడ రోడ్డు మీద యాక్సిడెంట్‌ల ఇద్దరూ పోయిన్రు. నన్ను పెంచింది అమ్మమ్మ. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక లేడీస్ హాస్టల్ల వంట చేస్తది. ఎల్బీనగర్‌ల కిరాయికుంటం.

అమ్మ మిషన్ కుట్టేది, నాన్న ఆటో నడిపేటోడు. నాకు తెలిసింది గంతే. ఇంకేమన్న చెప్పమని ఎన్నేండ్లు అడిగినా అమ్మమ్మది ఒకటే మాట, "ముందు అన్నం తిను."

నాకేం తెల్వదు సార్ అంటే, "ఊహించి రాయమ్మా" అన్నడు. ఒళ్లు మండింది. ఆదివారం పొద్దటి సంది పెన్ను కొరుక్కుంట కూసున్న, ఒక్క లైను రాలే. మధ్యాహ్నానికి కోపం నెత్తికెక్కి నోటికొచ్చిన అబద్ధాలన్నీ రాసి పడేసిన. మా నాన్న ముందు పెరుగన్నం తిని ఆఖర్ల పప్పు తినేటోడని. మా అమ్మ తను కుట్టిన ప్రతి జాకెట్‌కి ఎడమ చంక లోపల ఎర్ర దారంతోని చిన్న ముడి వేసేదని. చదివి సారుకు తిక్క రేగాలె, అంతే.

అమ్మమ్మకు చదువు రాదు, వినిపించమన్నది. కసికొద్ది గట్టిగనే చదివిన. పెరుగన్నం కాడికి రాంగనే ఆమె ఒలిచే చిక్కుడుకాయలు పక్కకు పెట్టింది.

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. అబద్ధం రాసిన."

"మీ నాయిన గట్లనే తినేటోడు బిడ్డా. అందరం నవ్వేటోళ్లం."

చిన్నప్పుడు ఎవరో అంటుంటే నా చెవిన పడ్డదేమో అనుకోవచ్చు. కానీ ఎర్ర ముడి సంగతి అమ్మమ్మకు కూడా తెల్వదు. ఆ లైను వినంగనే లేచి ఇనుప పెట్టె తీసింది. దాని తాళంచెవి ఎప్పుడూ ఆమె బొడ్లనే ఉంటది, నేను ఆ పెట్టెల ఏముందో ఎన్నడూ చూడలే. అమ్మ కుట్టుకున్న జాకెట్లు మూడున్నయ్. ఒక్కోటి తిరగేసినం.

మూడింటికీ ఎడమ చంక లోపల ఎర్ర ముడి ఉన్నది.

"కన్నదాన్ని, నాకే తెల్వదాయె" అనుకుంట అమ్మమ్మ చానసేపు ఏడ్చింది. నాకు ఏడుపు రాలే, భయమైంది.

సారు పదికి ఆరు మార్కులేసిండు. ఊహ జర ఎక్కువైందట.

ఇప్పుడు ఇంటర్ చదువుతున్న. ఆ రెండు ముక్కలు నా చేతికి ఎక్కడ్నుంచి వచ్చినయో ఇప్పటికీ సమజ్ కాలే. మళ్ల వస్తయేమోనని ఎన్నిసార్లు రాసిననో. ఒక్కటి కూడా నిజం కాలే, విసుగొచ్చింది. కానీ రాసింది చదివినప్పుడల్లా అమ్మమ్మ, "గట్ల కాదు బిడ్డా, మీ అమ్మ ఎట్లుండేదంటే" అని మొదలువెడ్తది.

అందుకే ఇప్పుడు కావాలనే తప్పులు రాస్తున్న.